పాడి లేని శాకాహారం: మేలెంత, లోటెంత
(ప్లాటినం జూబిలీ తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ల పండుగ నాడు ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్రను గురించి మాట్లాడక తిండిని గురించి మాట్లాడుటేమిటని మీలో కొందరికి తోచవచ్చును. హొసూరు ప్రాంతంలో మన తెలుగు బడి ఏయే కష్టాలకోర్చి నిలిచినదో నాకన్న బాగా తెలిసినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. ఆ పని వారికి విడిచిపెడుతున్నాను. నాకిచ్చిన అరగంటలో, గడచిన ఏడాదిగా నా మనస్సును తొలుస్తున్న విషయమొకటి మీ ముందుంచదలచాను. అందులో నా పొరపాటు కూడా ఒకటున్నది. దానిని మీ ఎదుట ఒప్పుకొనుట కూడా ఈ ప్రసంగంలో భాగమే.

జూబిలీ పోటీలలో భాగంగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టాము. పాలు, పెరుగు, నెయ్యి, తేనె సైతం విడిచిన శాకాహారం ఆరోగ్యానికి మేలా, కీడా అన్నది అంశం. ఈ అంశాన్ని ఎంచుకొన్నది మేము కాదు, పిల్లలే. ఇంగ్లీషులో దీనిని వీగన్ ఆహారమంటున్నారు. తెలుగులో ఏమనాలన్న దానిమీదనే మొదటి రోజు గడిచిపోయింది. మా తెలుగు పండితులు ‘నిష్క్షీర శాకాహారం’ అన్నారు. పిల్లలు నోరు తిరగక నవ్వారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వెనుక బెంచీనుండి లేచి ‘పాడి లేని శాకాహారం’ అంటే సరిపోదా అన్నది. పండితులవారే ముందుగా చప్పట్లు కొట్టారు. నేనూ ఆ మాటనే వాడుతున్నాను.

ఆ ఇంగ్లీషు మాట పుట్టి ఎంతో కాలం కాలేదు. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయన, కొద్దిమంది మిత్రులతో కలిసి, ఆ మాటను కల్పించి ఒక సంఘం స్థాపించారు. ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు, పిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంచెం గర్వం కలిగిందని చెప్పక తప్పదు. ఆయన 95 ఏళ్లు బ్రతికి 2005లో కాలం చేశారు. ఇది పోటీలో అనుకూల పక్షం పిల్లలకు పెద్ద ఆయుధమైంది. ఒక మనిషి దీర్ఘాయుర్దాయం నియమానికి రుజువు కాదని నేను చెప్పవలసి వచ్చింది. పాలు త్రాగి తొంభై ఏళ్లు బ్రతికినవారు మన ఊళ్లలో కొల్లలు.

మన దేశంలో ఈ ఆలోచన అంతకు ముందే ఉన్నది. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలో ఉండగా పాలు విడిచిపెట్టారు. పాలకోసం పశువులను పెట్టే హింసను గురించి తెలుసుకొన్న తరువాత ఆ నిశ్చయం ఆయనలో మరింత గట్టిపడింది. 1918లో ఖేడా జిల్లాలో తిరుగుతున్నప్పుడు ఆయన ముఖ్యాహారం వేరుశనగ వెన్న, నిమ్మపండ్లు. ఆ రోజులలోనే జిగట విరేచనాలు పట్టుకొని, మంచానపడి, మృత్యువు అంచుదాకా వెళ్లారు. చివరకు తన వ్రతం ఆవుపాలకు, గేదెపాలకే గాని మేకపాలకు వర్తించదన్న కస్తూర్బా వాదానికి లొంగి మేకపాలు పుచ్చుకొన్నారు. వ్రతం మాట నిలిచినా దాని ఆత్మ నిలువలేదన్న బాధ ఆయనను విడువలేదు. పాలకు సాటివచ్చే వృక్షసంబంధమైన ఆహారం తెలిసినవారెవరైనా ఉంటే చెప్పమని ఆత్మకథలో అడిగారు. ఆయన జబ్బుకు పాలు మానుటే కారణమని నేననను. విరేచనాలకు వేరుశనగ వెన్న తగిన పథ్యమూ కాదు. నేను చెప్పదలచినదల్లా, అంతటి దీక్షాపరునికి కూడా ఇది చిక్కు ప్రశ్నగానే మిగిలిందని.

ఇక పోటీ సంగతి. ఒక అబ్బాయి లేచి, “మా ఇంట్లో రెండు సీమ ఆవులున్నాయి. పొద్దున, సాయంత్రం సొసైటీకి పాలు పోస్తేనే నా బస్సు చార్జీ, చెల్లెలి పుస్తకాలు. పాలు తప్పయితే మేము తినేదంతా తప్పేనా?” అన్నాడు. సభ నిశ్శబ్దమైపోయింది. ఎదుటి పక్షాన ఉన్న అమ్మాయి మెల్లగా, “మీ నాయన ఆవులను బాగా చూసుకొంటాడు, నేను చూశాను. కాని కోడెదూడ పుడితే అది ఎక్కడికి పోతుంది, నీవే చెప్పు” అన్నది. అబ్బాయి మాట్లాడలేదు. అంశం ఆరోగ్యమే అయినా, ఆ కోడెదూడ వెళ్లిన చోటు ఇద్దరికీ తెలుసు. తరువాత మాట్లాడిన పిల్లలందరి మాటలలోనూ ఆ దూడ నిలిచే ఉన్నది. న్యాయనిర్ణేతలు ఇద్దరికీ సమానంగా మార్కులు వేశారు.

ఆ అమ్మాయిని గురించే నేను చెప్పవలసి ఉన్నది. ఆమె పేరు చెప్పను. ఆమె అనుమతి, ఆమె తల్లి అనుమతి తీసుకొనే మాట్లాడుతున్నాను.

వారిది తరతరాలుగా మాంసం ముట్టని ఇల్లు. బంధువుల ఇంట్లో దూడను తల్లికి దూరం చేసి కట్టివేయగా అది రాత్రంతా అరచుట విని, తెల్లవారినది మొదలు ఈమె పాలు, పెరుగు మానేసింది. అది నా చెవిని పడింది. ఒకనాటి ఉదయం ప్రార్థన సమావేశంలో ఆమెను ముందుకు పిలిచి, ఈ వయస్సులో ఇటువంటి దృఢ సంకల్పం అరుదని నాలుగు మాటలు ప్రశంసించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాలకు బదులుగా ఏమి తింటున్నావమ్మా అని మాత్రం నేనడుగలేదు. ఉపాధ్యాయ శిక్షణలో ఆరోగ్య విద్య ఒక పాఠ్యాంశంగా చదివి, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నదానను, ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

ఎనిమిది నెలలకు ఆమె తరగతిలో కునుకుపాట్లు పడసాగింది. లెక్కలలో వెనుకబడింది. నేనే పిలిచి శ్రద్ధ లేదని మందలించాను. రెండు వారాలకు ఆటల మైదానంలో సొమ్మసిల్లి పడిపోయింది. మరునాడు ఆమె తల్లి నా గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోక, “టీచరమ్మా, నేను గ్లాసు పట్టుకొని వెంటబడితే, మా మేడమే అందరి ముందర మెచ్చుకొన్నది, నీవెవరు చెప్పటానికి అన్నది నా బిడ్డ. ఇప్పుడు మీరే తినిపించండి” అన్నది. ముప్పయి ఏళ్ల ఉద్యోగంలో ఎందరో తల్లులు నాపై కోపగించి ఉంటారు. ఇంత న్యాయమైన కోపం మాత్రం నేనెరుగను.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిదికి కొంచెం పైన ఉన్నది. బి12 విటమిన్ బాగా తగ్గి ఉన్నది. రెండు లోపాలు కలిసి ఉన్నాయని, బి12 నిల్వలు పాలు మానడానికి ముందే చాలీచాలకుండా ఉండి ఉంటాయని డాక్టరు గారు వివరించారు. మన దేశంలో పాలు, పెరుగు తీసుకొనే శాకాహారులలోనూ ఈ లోపం చాలామందిలో ఉన్నదట. అంటే ఆ బిడ్డ చేసినదల్లా ముందే సన్నగా పారుతున్న కాలువను మూసివేయుట. ఇది విన్న తరువాత నేను చదువనారంభించాను. ఆ చదువులో తెలిసినవి మీతో పంచుకొంటాను.

బి12 విటమిన్‌ను ఏ మొక్కా తయారుచేయదు, ఏ జంతువూ తయారుచేయదు. కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. పశువుల కడుపులోని సూక్ష్మజీవులనుండి అది పాలకు, మాంసానికి వస్తుంది. పెద్దలకు కావలసినది రోజుకు రెండు మైక్రోగ్రాములపై చిల్లర, అంటే కంటికి కనిపించనంత. గ్లాసెడు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. నిల్వ నిండుగా ఉన్నవారికి కాలేయంలో ఉన్నది కొన్నేళ్లపాటు సరిపోతుంది. అందుకే పాలు మానిన మొదటి ఏడాది, రెండేళ్లు ఏమీ కాదు, ఒళ్లు తేలికయినట్లే ఉంటుంది. ఏమీ కాలేదు కదా అని ధైర్యం కలుగుతుంది. తరువాత అలసట, నాలుక ఎర్రబారి మండుట, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరపు ఒక్కటొక్కటిగా వస్తాయి. నరాలకు తగిలిన దెబ్బను ఆలస్యంగా గుర్తిస్తే అది పూర్తిగా మానకపోవచ్చును. తల్లిలో ఈ లోపముంటే చనుబాలలోనూ ఉండదు. పసిబిడ్డ నేర్చిన నవ్వును, నిలిపిన మెడను తిరిగి కోల్పోవచ్చును. కోడళ్లు, కూతుళ్లు గర్భవతులుగా ఉన్న ఇళ్లవారు ఈ మాటను దయచేసి మరువవద్దు.

ఇక్కడ మన తెలుగువారు తెలుసుకోవలసిన చరిత్ర కొంత ఉన్నది. 1928 నుండి లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశోధించింది. మన నీలగిరులలోని కూనూరులోనూ ఆమె పని చేసింది. ఈస్టునుండి తీసిన మార్మైట్ అనే చౌక పదార్థంతో ఆ జబ్బు నయమవుతున్నదని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఆకుకూరలలో దొరికే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దానిని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే అతిసార వ్యాధికి బలి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. సుబ్బారావు గారు కన్నుమూసిన 1948లోనే బి12ను వేరుచేయగలిగారు. చూడండి, డోనాల్డ్ వాట్సన్ సంఘం పెట్టిన నాటికి బి12 అన్నదొకటున్నదని ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు పాలు మానినవారి సాహసం వేరు, తెలిసిన తరువాత మాత్ర వేసుకోకుండా మానుట వేరు.

ఫోలిక్ ఆమ్లానికి, బి12కు మరొక ముడి ఉన్నది. ఆకుకూరలు బాగా తినేవారికి ఫోలిక్ ఆమ్లం సమృద్ధిగా అందుతుంది కాబట్టి, బి12 లోపమున్నా రక్తంలో దాని గుర్తులు కనిపించకపోవచ్చును. నరాలు మాత్రం లోలోపల చెడుతుంటాయి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉన్నాయి గాని బి12 లేదు. ఆ మాత్ర మింగుతున్నాము కదా అని నిశ్చింతగా ఉండరాదు. చద్దన్నంలో, పులిసిన ఇడ్లీ పిండిలో, స్పైరులినా అనే నాచులో బి12 ఉన్నదని చెప్పేవారున్నారు. చద్దన్నం, ఇడ్లీ మంచి ఆహారాలే, నాకూ ఇష్టమే. కాని ఈ ఒక్క పనికి వాటిని నమ్ముకోరాదు. నాచులో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని నకిలీ రూపం.

మిగిలినవాటిలో మన ప్రాంతం ఎంతో అదృష్టం చేసుకొన్నది. వంద గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. అంతే పాలలో ఉన్నది సుమారు 120. ఎదిగే పిల్లలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల దరిదాపులలో కావాలి. మా నాయనమ్మ పూటకొక సంగటి ముద్ద, ఉలవచారు, మునగాకు పొరటుతో ఈ లెక్కను ఏ పుస్తకమూ చూడకుండా తీర్చేది. అయితే రాగిలోని కాల్షియమంతా ఒంటికి పట్టదు. నానబెట్టి మొలకెత్తించి పిండి చేస్తే మేలు. పాలకూర సంగతి మరీ విచిత్రం: పేరులో పాలున్నా, అందులోని కాల్షియం ఆక్సలేటుతో ముడిపడి ఉండుటచేత మనకు దక్కేది స్వల్పమే. నువ్వులు మంచివి. ఇప్పుడు మన పిల్లల డబ్బాలలో సంగటి ఎక్కడున్నది? తెల్లన్నం, నూడుల్సు. రాగిని, ఉలవను వదిలి, ఆ పైన పాలు కూడా వదిలితే మిగిలేదేమిటో తల్లులు ఆలోచించాలి.

మాంసకృత్తులను గురించి అనవసరపు భయముంది. ధాన్యంలో తక్కువైన లైసీన్ పప్పులో ఉన్నది, పప్పులో తక్కువైనది ధాన్యంలో ఉన్నది. ఉలవలలో నూటికి 22 పాళ్లు మాంసకృత్తులే. అనపకాయల కాలంలో పితికిపప్పు కూర తిన్నవాడికి ఈ విషయంలో ఉపదేశం అక్కరలేదు. ఇబ్బంది ఎక్కడంటే, అన్నం రాశిగా పోసి, పప్పు నీళ్లలా పోసే ఇళ్లలో. ఇక ఇనుము. మొక్కలనుండి వచ్చే ఇనుము త్వరగా పట్టదు. భోజనంలో నిమ్మరసమో, ఉసిరికాయో ఉంటే బాగా పడుతుంది. భోజనం కాగానే త్రాగే టీ, కాఫీ దానిని అడ్డుకొంటాయి. అయోడిన్ మాట కూడా చెప్పాలి. పాలు, చేపలు మానినవారికి అది ముఖ్యంగా అయోడిన్ ఉప్పునుండే రావాలి. సహజమైనదని చెప్పి సైంధవ లవణానికి మారిన ఇళ్లలో ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మేలు లేదా? ఉన్నది, దాచరాదు. బ్రిటనులో 48 వేల మందిని పద్దెనిమిదేళ్లపాటు గమనించి 2019లో వెలువరించిన పరిశోధనలో, మాంసాహారులకంటే శాకాహారులకు, వీగన్లను కలుపుకొని, గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువగా కనిపించింది. అదే పరిశోధనలో పక్షవాతం 20 శాతం ఎక్కువగా కనిపించింది. మరుసటి ఏడాది వెలువడిన వ్యాసంలో వీగన్లకు ఎముకలు విరుగుట 43 శాతం ఎక్కువని తేలింది. బరువు, మధుమేహం విషయంలో పాడి లేని ఆహారం మేలు చేస్తున్నదని అమెరికాలోని ఎడ్వెంటిస్టు క్రైస్తవులపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. వారు తినేది మనం తినేది కాదు కాబట్టి ఈ లెక్కలను ఉన్నవున్నట్లు మన కంచంలో వడ్డించుకోలేము. మన ఊళ్లలో మధుమేహం, రక్తపోటు పెరుగుతున్న వయస్సువారికి నేతి మిఠాయిలు, పనీరు తగ్గించుట మంచిదే. కాని బజ్జీ, చిప్స్, కూల్‌డ్రింకు కూడా పాడి లేనివే గదా! పోటీలో ఒక చిరంజీవి ఇదే మాట అనగా అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా బడి ఎదుటి అంగడిలో అమ్మేవన్నీ అవే.

పిల్లలకిది తగునా అన్న ప్రశ్నకు పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. 2016లో అమెరికా ఆహార నిపుణుల సంఘం, చక్కగా యోచించి తీసుకొంటే అన్ని వయస్సులవారికీ తగునన్నది. అదే ఏట జర్మనీ పోషకాహార సంఘం పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తాము సిఫారసు చేయబోమన్నది. 2024లో జర్మనులు తమ మాటను కొంత మెత్తబరచి, పిల్లల విషయంలో ఔననీ కాదనీ చెప్పలేమన్నారు. 2025లో అమెరికనులు తమ మాటను పెద్దలవరకే పరిమితం చేసుకొన్నారు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడిచినట్లున్నది. మన దేశంలో పోషకాహార పరిశోధన మొదలైనది ఇక్కడే, 1918లో కూనూరులో. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివెళ్లింది. తమిళనాడునుండి తెలుగునాటికి వెళ్లిన సంస్థ అది. తెలుగు పిల్లలమై తమిళనాడులో నిలిచినవారము మనము. ఈ ముచ్చట పక్కనుంచుతాను.

సత్తుణవు పథకంలో మన పిల్లలకు వారంలో అయిదు రోజులు గుడ్డు వస్తున్నది, తిననివారికి అరటిపండు. గుడ్డుకు అరటిపండు పోషణలో సాటికాదు. గుడ్డు తిననివారి ఇంట పాలో, పెరుగో ఉంటుందన్న ఊహతో ఇంతకాలం దీనిని మేము పట్టించుకోలేదు. ఇప్పుడు గుడ్డు, పాలు రెండూ మానిన పిల్లలు మా లెక్కలో ఏడుగురున్నారు. వారికి వేరుశనగ ఉండలు, ఉడికిన శనగలు పాఠశాల పూర్వ విద్యార్థుల ఖర్చుతో ఇస్తున్నాము. బి12 మాత్ర డాక్టరు చీటీ మీదనే, తల్లిదండ్రుల చేతికే. తరగతి ఉపాధ్యాయులు వారి బరువు, ఎత్తు మూడు నెలలకొకసారి వ్రాసి ఉంచుతున్నారు. ఏ బిడ్డ అయినా ఒక ఆహారం మానితే, ఎందుకని అడుగుటకు ముందు బదులేమిటని అడగాలని ఉపాధ్యాయుల సమావేశంలో తీర్మానించుకొన్నాము. పోషకాహార చీటీ ఒకటి తెలుగులో అచ్చువేసి మీ కుర్చీలమీద ఉంచాము.

ఆ అమ్మాయికి సూదులు వేశారు, ఇనుము మాత్రలిచ్చారు. మూడు నెలలలో తేరుకొన్నది. పాలు మళ్లీ ముట్టలేదు. డాక్టరు గారు చెప్పిన మాత్రను క్రమం తప్పక వేసుకొంటున్నది. ఇంట్లో మళ్లీ సంగటి వండిస్తున్నది. ఆమె తల్లి ఇప్పటికీ రాత్రిపూట మజ్జిగ గ్లాసు ఆమె ప్రక్కన పెడుతున్నదట. తెల్లవారి అది తమ్ముడు త్రాగుతున్నాడట. ప్రార్థన సమావేశంలో నేను మరల ఆమెను ముందుకు పిలువలేదు. ఆమెను నా గదిలోకి పిలిచి క్షమించమని మాత్రం అడిగాను. ఆమె తల వంచుకొని, “మీరు మెచ్చుకొన్నారని నాకు నీరసంగా ఉన్నా చెప్పలేదు మేడమ్” అన్నది.

నేటి విందులో రెండు బంతులు ఏర్పాటు చేశాము. వేపచెట్టు వైపు బంతిలో నెయ్యి, పెరుగు ఉండవు; పాయసం కొబ్బరిపాలతో చేయించాము. నిన్న రాత్రి వంటాయన నన్ను పిలిచి, “మజ్జిగ లేకుండా భోజనం ఎట్లా ముగుస్తుందమ్మా?” అని నిలదీశాడు. ఆయన డెబ్బయి ఏళ్లవాడు, ఈ బడిలోనే అయిదో తరగతిదాకా చదివినవాడు. నాకు జవాబు దొరకలేదు. చివరకు ఆయనే, రెండోసారి చారు పోస్తానన్నాడు. ఏ బంతిలో కూర్చోవాలో మీ ఇష్టం. వడ్డన పన్నెండున్నరకు మొదలవుతుంది.